పక్కవాళ్ల నిద్ర చెడగొట్టకుండా టెంట్లో ఒక రాత్రి: సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం తీరాలకు, కొండలకు సమగ్ర మార్గదర్శి

కళింగపట్నం దగ్గర ఇసుకలో మేం మొదటిసారి టెంట్లు వేసిన రాత్రి, పదకొండు దాటాక ఒక పెద్దాయన టార్చి పట్టుకుని మా దగ్గరకొచ్చాడు. తిట్టడానికే వచ్చాడనుకున్నాం. ఆయన తిట్టలేదు. కాసేపు నిలబడి పాట విన్నాడు. "పాట బాగున్నాది బాబూ. రెండున్నరకి మేం బోటు దించాల. అది సెప్పడానికే వచ్చినాను" అని వెనక్కి తిరిగాడు. వెంటనే బాక్సు ఆపేశాం. అయినా ఆయనకు ఆ రాత్రి మిగిలిన నిద్ర మూడు గంటలే.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్లలో చుట్టాలతో, ఆఫీసు జనంతో, ఒకసారి మా అపార్ట్‌మెంట్ వాళ్లందరితో కలిసి చింతపల్లి బీచ్‌లో, తాటిపూడి దగ్గర, బారువలో టెంట్లు వేశాను. నాకు అర్థమైంది ఇదీ: రాత్రి పదింటికి "నెమ్మదిగా మాట్లాడండర్రా" అని అరిచి లాభం లేదు. ఇంటి దగ్గర సంచీలో ఏం పెట్టుకున్నాం, ఊళ్లో ఎవరికి ఒక మాట చెప్పాం, సాయంత్రం నాలుగింటికి టెంటు ఎక్కడ వేశాం అన్నదాన్ని బట్టే ఆ రాత్రి గోల ఉంటుందో లేదో తేలిపోతుంది. అందుకే ఇక్కడ రాసినవాటిలో ఎక్కువ భాగం చీకటి పడకముందు చేసే పనులే.

మొదటి పని: మీ పక్కవాళ్లెవరో తెలుసుకోండి

పక్కవాళ్లంటే పక్క టెంటు వాళ్లే అనుకుంటాం. మన రెండు జిల్లాల్లో టెంట్ల కోసమని ప్రత్యేకంగా కట్టిన చోట్లు తక్కువ. మనం సరదాకు వెళ్లే చోటు దాదాపు ఎప్పుడూ ఇంకొకరు పని చేసుకునే చోటే.

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉంది. ఆ పొడవునా ఊరి తర్వాత ఊరు మత్స్యకారులవే. వేట రోజుల్లో వాళ్ల రాత్రి మన రాత్రిలా ఉండదు. ఏడింటికే తినేసి ఎనిమిదికల్లా పడుకుంటారు, కోడి కూయకముందే లేస్తారు. మనం "ఇంకా తొమ్మిదే కదా" అనుకునే వేళకు వాళ్లకు అర్ధరాత్రి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట మీద నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ తెల్లవారుజాము హడావుడి తగ్గుతుంది కానీ, ఆ ఎండల్లో టెంటు వేసుకుందామని మనకే అనిపించదు.

జనవరి నుంచి మార్చి దాకా తీరంలో మరో రకం పక్కవాళ్లు ఉంటారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుక తవ్వి ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఒడ్డెక్కుతున్న తల్లి తాబేలుకు ఎదురుగా మనుషులు తిరిగినా, లైట్లు వెలిగినా అది గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. పిల్లలైతే వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. సముద్రం వైపు వెళ్లాల్సినవి మన లాంతరు వైపు వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటిని మొదటి షెడ్యూలులో చేర్చింది. అంటే పులికున్న రక్షణే వీటికీ ఉంది. ఆ నెలల్లో వెళ్తే అటవీ శాఖ వాళ్లు గుడ్ల కోసం కట్టిన కంచె ఎక్కడుందో అడిగి, దానికి బాగా దూరంగా ఉండండి.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో సెప్టెంబరు నుంచి మార్చి దాకా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలో ఓపెన్‌బిల్ కొంగలు ఉంటాయి. పక్షుల్ని చూడటానికి పగలు వెళ్లి రండి. ఆ చెట్ల కింద టెంటు వేయాలన్న ఆలోచన మానుకోండి. పైన గూట్లో పిల్లలుంటే కిందినుంచి వచ్చే ఒక్క పెద్ద కేకకు గుంపంతా లేస్తుంది.

పార్వతీపురం వైపు, ఒడిశా సరిహద్దు కొండల దగ్గర సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడ ఏనుగులు తిరుగుతుంటాయి. అలాంటి ఊళ్లలో రాత్రి కేక వినబడితే ఎవరూ పాట అనుకోరు, ఏనుగొచ్చిందనుకుని లేస్తారు. అటువైపు టెంట్లు వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రిజర్వు ఫారెస్టులోనైతే అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు కూడా.

రెండో పని: సంచీ సర్దేటప్పుడే సగం గోల తీసేయండి

పెద్ద బ్లూటూత్ బాక్సు ఇంట్లోనే వదిలేయండి. తీసుకెళ్లాక తక్కువ సౌండులో పెడదాం అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నాలుగో పాటకు ఎవరో ఒకడు పెంచుతాడు. పైగా అలాంటి బాక్సుల్లో బేస్ ఎక్కువ. సన్నటి శబ్దాన్ని గాలీ చెట్లూ కొంత తినేస్తాయి గానీ ధన్ ధన్ మని కొట్టే ఆ దరువు చాలా దూరం పోతుంది. పక్క టెంటు వాళ్లకు పాట వినబడదు, దరువొకటే వినబడుతుంది. పాట లేకపోతే కుదరదంటే ఫోన్ స్పీకరు చాలు. అంతకన్నా పెద్దది అవసరమనిపిస్తే మీరు కూర్చున్న గుంపు అవసరానికి మించి పెద్దదైపోయిందని అర్థం.

జనరేటరు వద్దు. చార్జింగ్ లాంతర్లు రెండు, పవర్ బ్యాంకు ఒకటి ఉంటే ఒక రాత్రి గడిచిపోతుంది.

ఇసుకలో మేకులు నిలవవు, నిలిచేదాకా కొడుతూ ఉంటే ఊరంతా వింటుంది. దానికి బదులు టెంటుకు నాలుగైదు పాత గుడ్డసంచులు పట్టుకెళ్లండి. వాటిలో ఇసుక నింపి, టెంటు తాడు కట్టి, మూరెడు లోతున పాతిపెట్టండి. మేకు కన్నా గట్టిగా పట్టుకుంటుంది, సుత్తితో పనే ఉండదు. తాటిపూడి లాంటి గట్టి నేల మీదకైతే ఇనప సుత్తి కాకుండా రబ్బరు సుత్తి తీసుకెళ్లండి.

వంట సామాను గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన వాళ్ల క్యాంపింగ్‌లో సగం వంటే. కుక్కరు వద్దు. రాత్రి తొమ్మిదిన్నరకు బీచ్‌లో కుక్కరు విజిల్ వేస్తే చుట్టుపక్కల ప్రతి టెంటు లోంచీ ఒక తల బయటికొస్తుంది. అన్నం గిన్నెలో వార్చుకోండి. లేదా పులిహోర ఇంటి నుంచే కలుపుకుని వెళ్లండి, చద్దిపులిహోర రుచే వేరు. స్టీలు కంచాలు ఒకదాని మీద ఒకటి పడే చప్పుడు రాత్రిపూట గంట కొట్టినట్టుంటుంది. అడ్డాకు విస్తళ్లు తీసుకెళ్లండి. చప్పుడుండదు, తోమే పని ఉండదు, మన ఏజెన్సీ వాళ్లు కుట్టినవి దొరికితే డబ్బు కూడా మన దగ్గరే తిరుగుతుంది.

ప్లాస్టిక్ కవర్లు కూడా తగ్గించండి. తెల్లవారుజామున అయిదింటికి టెంట్లో ఎవరో బ్రష్షు కోసం కవరు వెతుకుతుంటే వచ్చే గరగర కన్నా చికాకైన శబ్దం నేను వినలేదు. బట్టలు, సబ్బులు, తినేవి అన్నీ గుడ్డసంచుల్లో పెట్టుకోండి. ఇంకా ఎర్ర లైటు ఉన్న హెడ్‌టార్చి ఒకటి, మనిషికో జత స్పాంజి ఇయర్‌ప్లగ్గులు, టెంటు ఎగరకుండా బిగించడానికి అదనపు తాడు పెట్టుకోండి.

మూడో పని: ఊళ్లో ఒక మాట

ఇది చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే.

మధ్యాహ్నం మూడుకల్లా చేరుకోండి. టెంట్ల సంచులు కారులోంచి దించకముందే ఇద్దరు ఊళ్లోకి నడిచి వెళ్లండి. టీ కొట్టు దగ్గర టీ తాగండి, రామమందిరం అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లతో మాట కలపండి. ఇలా అడగొచ్చు: "తాతా, మేం విజయనగరం నుంచి వచ్చాం. ఈ రాత్రికి ఇక్కడ రెండు టెంట్లు వేసుకుందామనుకుంటున్నాం. మీకు అడ్డం లేని చోటు ఎక్కడో చెబుతారా?" పర్మిషన్ ఇస్తారా అని అడిగితే, ఇవ్వడానికి నేనెవర్ని అంటారు. అడ్డం లేని చోటు చెప్పమంటే లేచి వచ్చి మరీ చూపిస్తారు.

మాటల్లో మూడు సంగతులు తెలుసుకోండి. ఊరు ఎప్పుడు పడుకుంటుంది, ఎప్పుడు లేస్తుంది? బోట్లు దించే దారి ఏది? ఒడ్డు నుంచి అలివి వల లాగే చోటా, వలలు ఆరేసే చోటా మన కంటికి ఖాళీ ఇసుకలాగే కనిపిస్తాయి. తెల్లవారుజామున పదిహేను మంది తాడు పట్టుకుని లాగుతూ వచ్చేసరికి దారిలో మన టెంటు ఉంటే వాళ్లకూ ఇబ్బందే, మనకూ సిగ్గే. ఇక మూడోది, ఈ రోజు ఊళ్లో ఏమైనా ఉందా? ఎవరింట్లోనైనా చావు జరిగి ఉండొచ్చు. మార్చిలో అయితే ఇంటర్ పరీక్షలకు చదివే పిల్లలు ఉంటారు. ఇవి అడక్కపోతే తెలిసే దారి లేదు.

లేచే ముందు ఫోన్ నంబరు ఇవ్వండి. "మా వల్ల గోలగా అనిపిస్తే ఒక్క ఫోన్ కొట్టండి, ఆపేస్తాం" అని చెప్పండి. కళింగపట్నం పెద్దాయన పదకొండు దాటాక ఇసుకలో అంత దూరం నడిచి రావాల్సి వచ్చిందంటే ఆయన దగ్గర మా నంబరు లేకపోవడమే కారణం. నంబరు ఇచ్చాక ఇన్నేళ్లలో నాకు ఫోన్ వచ్చింది రెండుసార్లే.

నాలుగో పని: శబ్దం ఎటు పోతుందో చూసి టెంటు వేయండి

కొంచెం లెక్క చూద్దాం, భయపడకండి. మామూలుగా మాట్లాడే మాట మీటరు దూరంలో దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. అడ్డేమీ లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే రెండు మీటర్లకు 54, నాలుగుకు 48, ఎనిమిదికి 42, పదహారుకు 36. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి 36 అంటే మాట వినబడుతుంది గానీ నిద్ర పాడయ్యేంత కాదు. కాబట్టి పక్క గుంపు టెంటుకీ మీరు కూర్చుని మాట్లాడుకునే చోటుకీ మధ్య కనీసం ఇరవై అడుగులు కాదు, ఇరవై మీటర్లు ఉండాలి. అదే మీటరు దగ్గర 90 డెసిబెల్స్ కొట్టే బాక్సు పెడితే, అది 45కి దిగడానికి దాదాపు 180 మీటర్లు కావాలి. ఖాళీ బీచ్‌లో కూడా అంత ఎడం దొరకడం కష్టం.

టెంటు గుడ్డ శబ్దాన్ని ఆపుతుందనుకోకండి. చూపును ఆపుతుంది గానీ మాటను ఆపదు. జిప్పు వేసుకున్నాక "ఇప్పుడు మనమే" అనుకుని జనం గొంతు పెంచుతారు. లోపల చెప్పుకున్న ఇంటి గొడవలన్నీ పక్క టెంటు వాళ్లు విన్న సందర్భాలు నాకు తెలుసు. వాళ్లు పొద్దున్న మొహం చూడలేక తల తిప్పుకుంటారు.

సరుగుడు తోట అడ్డం ఉంటే చాలనుకోవడం ఇంకో పొరపాటు. రెండు మూడు వరసల చెట్లు శబ్దాన్ని పెద్దగా ఆపవు, అవతల మనుషులు కనబడకపోవడంతో శబ్దం కూడా పోవడం లేదనిపిస్తుంది, అంతే. గట్టి ఇసుక దిబ్బ మాత్రం నిజంగా ఆపుతుంది. అయితే దిబ్బతో ఒక తిరకాసుంది. దిబ్బకు సముద్రం వైపు కూర్చుంటే అలల హోరు మీ మాటల్ని కప్పేస్తుంది కానీ, ఆ హోరులో మీకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. దిబ్బ వెనక ఊరి వైపు కూర్చుంటే అలల హోరు తగ్గిపోయి మీ గుసగుస కూడా ఊళ్లోకి పోతుంది. అందుకే కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు దిబ్బకు సముద్రం వైపు, పడుకునే టెంట్లు దిబ్బ వెనక. ఆటుపోట్ల గీతకు బాగా పైన ఉండేలా చూసుకోవడం మర్చిపోకండి.

గాలి కూడా చూడండి. పగలు ఎండకు నేల వేడెక్కితే గాలి సముద్రం నుంచి నేల వైపు వీస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక నేల నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. మధ్యలో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా చాలాసార్లు గాలి ఇంకా సముద్రం నుంచే వస్తుంటుంది. మనకు ఉత్సాహం ఎక్కువగా ఉండేది ఆ మూడు గంటలే, ఊరు పడుకునేదీ అప్పుడే, మన గోలను గాలి నేరుగా వాళ్ల గుమ్మాల్లోకి మోసుకెళ్లేదీ అప్పుడే. అర్ధరాత్రి గోల కన్నా ఎనిమిదింటి గోల మీదే ఎక్కువ ఫిర్యాదులు రావడానికి ఇదే కారణమని నాకనిపిస్తుంది. ఒక అగరబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూడండి. ఊరు ఆ దారిలో ఉంటే ఇంకో వంద అడుగులు పక్కకు జరగండి.

చలికాలం రాత్రుల సంగతి మీకు ఇంటి దగ్గరే తెలుసు. ఆమదాలవలస చుట్టుపక్కల ఉన్నవాళ్లకు వేసవిలో వినబడని రైలు కూత డిసెంబరు రాత్రి పెరట్లోనే ఉన్నట్టు వినబడుతుంది. నేలకు దగ్గరి గాలి చల్లబడి, దాని పైన వెచ్చటి గాలి మూతలా పరుచుకుంటే, పైకి పోవాల్సిన శబ్దం వంగి మళ్లీ కిందికే వస్తుంది. నీళ్ల మీద ఇది ఇంకా ఎక్కువ. గోస్తని మీద కట్టిన తాటిపూడి జలాశయం దగ్గర ఒక రాత్రి అవతలి ఒడ్డున పేకాట ఆడుతున్న గుంపు మాట్లాడిన ప్రతి మాటా మాకు వినబడింది. ఎవరు ఎంత పోగొట్టుకున్నారో లెక్కతో సహా తెలిసిపోయింది. మేం మాట్లాడుకున్నవి వాళ్లకూ వినబడి ఉంటాయని గంట తర్వాత గానీ మాకు తట్టలేదు. కాబట్టి జలాశయం దగ్గర నీళ్లకు ఎదురుగా కాకుండా, గట్టు వెనక్కి జరిగి కూర్చోండి.

అయిదో పని: వెలుతురుండగానే చప్పుడు పనులన్నీ

టెంటు తాళ్లు బిగించండి. వదులుగా ఉన్న గుడ్డ రాత్రి గాలికి ఫటఫటా కొట్టుకుంటూనే ఉంటుంది, టార్పాలిన్ అయితే ఇక చెప్పక్కర్లేదు. కట్టెలు కొట్టడం, పరుపుల్లో గాలి నింపడం, గిన్నెలు కడగడం అన్నీ పొద్దుగూకకముందే ముగించండి. కారును బయటికి పోయే వైపు ముఖం పెట్టి నిలపండి, రివర్స్ చేసే పని గానీ, ఆ పీప్ పీప్ గానీ ఉండవు. రాత్రి కావాల్సినవన్నీ (నీళ్లు, దుప్పట్లు, మందులు, చెప్పులు) కారులోంచి టెంట్లోకి మార్చేసుకోండి. కారు తలుపు వేసిన ప్రతిసారీ వచ్చే ధబ్ శబ్దం, లోపలి లైటు, రిమోట్ కూత, మూడూ కలిసి వస్తాయి.

గురక పెట్టేవాళ్ల టెంటు చివర వేయండి. ఎవరు గురక పెడతారో ప్రతి గుంపులోనూ అందరికీ తెలుసు, ఆ ఒక్కరికి తప్ప.

చట్టం ఏమంటుంది?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆ వేళల్లో బహిరంగ స్థలంలో లౌడ్ స్పీకర్లు వాడకూడదు. పగలైనా రాతపూర్వక అనుమతి కావాలి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రులు, బళ్లు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. రాత్రిపూట చప్పుడు చేసే బాణసంచా కాల్చకూడదు. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట అత్యవసరమైతే తప్ప హారన్ కూడా కొట్టకూడదు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. మన పుట్టినరోజు పార్టీ ఆ పండగల్లోకి రాదు.

"మనదేమైనా నిశ్శబ్దంగా ఉండే ప్రాంతమా, జాతరకు రాత్రంతా మోగదా" అని నాతో వాదించినవాళ్లున్నారు. మోగుతుంది. గుండెల మీద రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టుకుని తప్పెటగుళ్లు ఆడితే ఊరు ఊరంతా తెల్లవార్లూ కూర్చుని చూస్తుంది. శివరాత్రికి పుణ్యగిరిలో ఎవరూ నిద్ర కోసం చూసుకోరు. అది అందరూ కలిసి లేచి ఉండే రాత్రి, రేపటి పని మానుకుని మరీ వచ్చినవాళ్ల రాత్రి. మన టెంటు ముందు పాట మన ఎనిమిది మందిదే, వినేది మాత్రం ఊరంతా.

ఎనిమిది నుంచి పది దాకా

అంతాక్షరి, దెయ్యం కథలు, పేకాట, అన్నీ ఈ వేళకే. నా పద్ధతి ఏమిటంటే ఎగిరే ఆటలు, అరిచే ఆటలు ఏడున్నరలోపు. తర్వాత కూర్చుని ఆడేవి. తొమ్మిదిన్నరకు మంటలో కట్టెలు వేయడం ఆపేస్తాను. మంట చల్లారుతుంటే గొంతులు కూడా వాటంతటవే తగ్గుతాయి. ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎంత చెప్పినా వినని మా బావగారు కూడా నిప్పు బూడిదయ్యాక ఆవలిస్తూ లేస్తారు. పడుకునే ముందు నీళ్లు పోసి, బూడిద కలిపి, మళ్లీ నీళ్లు పోయండి.

పిల్లలకు ఒక పని అప్పగిస్తే గోల తగ్గుతుంది. "పక్క టెంట్లో చిన్నపాప ఉంది, దానికి వినబడకుండా టెంటు చుట్టూ ఒక రౌండు నడవగలరా?" అంటే అదొక ఆటైపోతుంది. "అరవకండి" అని మనం అరిస్తే ఇద్దరి గోలా కలుస్తుంది.

మందు విషయం సూటిగా చెప్తాను. మందు ఉన్న గుంపులో గొంతు తగ్గదు. ఎవరికి వాళ్లు నెమ్మదిగానే మాట్లాడుతున్నామనుకుంటారు. తాగని మనిషిని ఒకరిని ముందే ఒప్పించి, అతను చెప్తే లేచి పడుకోవాలని అందరితో మాట తీసుకోండి. అలా కుదరదంటే టెంట్ల ప్రోగ్రాం మానుకుని ఇంట్లోనే కూర్చోండి.

పది తర్వాత

ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. రీల్స్ చూడాలంటే ఇయర్‌ఫోన్లు. పొద్దున్నే లేవాలంటే అలారం వైబ్రేషన్‌లో పెట్టి దిండు కింద పెట్టుకోండి. బయటికి వెళ్లాల్సి వస్తే జిప్పును ఒక చేత్తో గుడ్డ బిగించి పట్టుకుని, రెండో చేత్తో నెమ్మదిగా లాగండి, చప్పుడు సగానికి తగ్గుతుంది. టార్చి నేల మీదికే పెట్టండి. పక్క టెంటు గుడ్డ మీద వెలుగు పడితే లోపలివాళ్లకు ఎవరో వచ్చారన్న టెన్షన్, ఆడవాళ్లు ఉన్న టెంటైతే మరీ. తాబేళ్ల నెలల్లో తెల్ల లైటు అసలు వద్దు, తప్పదంటే ఎర్ర లైటే.

గోల చేసేది పక్కవాళ్లయితే

చాలామంది పన్నెండు దాకా పళ్లు కొరుక్కుని, ఒక్కసారిగా పేలతారు. తొమ్మిదిన్నరకే వెళ్లండి, ఇంకా మీకు కోపం రాకముందు. ఒక్కరే వెళ్లండి, లేదా భార్యాభర్తలు ఇద్దరూ. నలుగురు మగవాళ్లు కలిసి వెళ్తే అటువైపు నలుగురు లేచి నిలబడతారు. చేతిలో ఏదైనా ఉంటే మంచిది, ఫ్లాస్కులో టీ అయినా, ఉల్లి పకోడీ అయినా.

మాట కూడా సూటిగా ఉండాలి. "కొంచెం చూసుకోండి" అంటే ఏం చూసుకోవాలో ఎవరికీ తెలియదు. "తమ్ముడూ, మేం పక్క టెంటు. మా అమ్మకు బీపీ, పదికల్లా పడుకోవాలి. పది తర్వాత బాక్సు ఆపేస్తారా? పోనీ ఆ బేస్ అయినా తగ్గిస్తారా?" ఇలా టైము చెప్పి, చేయాల్సిన పని చెప్తే పదిలో ఎనిమిదిసార్లు కుదురుతుంది. వాళ్లు తగ్గిస్తే పొద్దున్న వెళ్లి థాంక్స్ చెప్పండి.

బాగా తాగి ఉన్నారనిపిస్తే దగ్గరకు వెళ్లకండి. టెంట్లు ఏర్పాటు చేసినవాళ్లు ఉంటే వాళ్లకు చెప్పండి. లేకపోతే 112కి ఫోన్ చేసి చోటు గుర్తులు స్పష్టంగా చెప్పండి, "బీచ్ దగ్గర" అంటే సరిపోదు, లైట్‌హౌస్‌కు ఎటువైపో, ఏ రోడ్డు చివరో చెప్పాలి. ఆడవాళ్లు, చిన్నపిల్లలు మీతో ఉంటే వాదన పెట్టుకోకుండా టెంటు ఎత్తి ఊరి దగ్గరకు జరగడమే మేలు. ఇది ఓడిపోవడం కాదు, నేను రెండుసార్లు చేశాను.

మామూలు గోలకైతే ఇయర్‌ప్లగ్గులు ఉన్నాయి. వేళ్ల మధ్య సన్నగా నులిమి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో నొక్కి పట్టుకోండి. ఊరికే చెవి బయట కుక్కితే దూదికీ దానికీ తేడా ఉండదు. గుంపులో ఒకరు మాత్రం పెట్టుకోకుండా పడుకోవాలి, సముద్రం పక్కనా కొండ పక్కనా ఎవరో ఒకరి చెవి తెరిచి ఉండటం మంచిది.

తెల్లవారుజామున

డిసెంబరులో మన తీరంలో సూర్యుడు ఆరుంబావు ప్రాంతంలో వస్తాడు. దానికోసం అందరూ అయిదున్నరకే లేచి "అదిగో, అదిగో" అని కేకలు మొదలుపెడతారు. ఫొటోలు కావాలంటే టెంట్లకు దూరంగా నడిచి తీసుకోండి. బట్టలూ వంట సామానూ రాత్రే సర్దేసుకుంటే పొద్దున్న మిగిలేది టెంటు ఒక్కటే. దాన్ని కూడా అక్కడే కర్రలు టకటకా విరుస్తూ మడత పెట్టకుండా, గుడ్డతో సహా ఎత్తుకుని రోడ్డు దాకా తీసుకెళ్లి అక్కడ మడవండి. పాతిన సంచుల్లో ఇసుక అక్కడే ఒంపి, గుంటలు పూడ్చండి. తెరిచి ఉన్న గుంటలో తాబేలు పిల్ల పడితే పైకి ఎక్కలేదు.

వెళ్లేటప్పుడు టీ కొట్టు దగ్గర ఆగి, రాత్రి మా చప్పుడు ఏమైనా వినబడిందా అని అడగండి. అడిగితే నిజమే చెప్తారు. బారువలో ఒకసారి అన్నీ పద్ధతిగా చేశామన్న ధీమాతో అడిగాను. కొట్టాయన టీ వడగడుతూ, "మాటలేటీ ఇనబడనేదు గానీ బాబూ, రేతిరి కారు మాత్రం రెండుసార్లు కూసింది" అన్నాడు. అప్పట్నుంచి కారుకు రిమోట్ వాడటం మానేసి, తాళం చెవితోనే వేస్తున్నాను.